అన్నాం దేశపు ఆవిరి

కంబళి తలమీద నుంచి జారి నేలకు ఆనగానే పగలు మాయమైంది. బయట మధ్యాహ్నపు ఎండ ఉంది, పెరట్లో కోళ్ళు మట్టి కెలుకుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, నాకు మాత్రం చీకటి, గొర్రె వాసన వేసే చీకటి. పీట మీద ముడుచుకుని కూర్చున్నాను. రెండు పాదాల మధ్య మట్టికుండ, కుండ మీద మూకుడు. మూకుడు ఒక్కసారే తీసేయొద్దు, కొంచెం కొంచెంగా పక్కకు జరుపుకో అని లేవి చెప్పిపోయాడు. వేలెడు సందు చేశానో లేదో ఆవిరి బుస్సుమని ముఖానికి కొట్టింది. వావిలాకు చేదు, నిమ్మాకు పులుపు, నలగ్గొట్టిన అల్లం ఘాటు, మూడూ కలిసి ముక్కులోంచి నెత్తికెక్కి కళ్ళలోంచి నీళ్ళయి దిగాయి. ఊపిరి ఆడదేమో అని భయపడ్డాను. ఆడింది. ఎన్నాళ్ళుగానో మూసుకుపోయి ఉన్న ఏదో కిటికీ రెక్క ముక్కు వెనకాల కిర్రుమని తెరుచుకున్నట్టు ఆడింది. వావిలి మా వంక గట్టున పెరిగేదే. బాలింతలకు ఆ ఆకు వేసి కాచిన నీళ్ళు పోయడం మా అమ్మకూ తెలుసు, మా అత్తకూ తెలుసు. కానీ బాలింత కాని మనిషిని కుండతో సహా కంబళి కింద దాచిపెట్టడం సముద్రం అవతలి నుంచి మా ఇంటికి వచ్చిన సంగతి. అక్కడైతే ఒక గడ్డి వేస్తారట, నిమ్మకాయ వాసన వచ్చే గడ్డి. ఇక్కడ అది దొరకక నిమ్మాకులు తెచ్చాడు. పొద్దున వంకకు పోయి ఆకు కోసుకొచ్చి, కడిగి, ఒక్కొక్క రెమ్మా విరిచి కుండలో వేస్తుంటే నేను గడప మీద కూర్చుని ఆ చేతులనే చూశాను. ఆ చేతులకు అంత నెమ్మది ఎక్కడిది? పట్టాళానికి పోయినప్పుడు లేదు. పోయినప్పుడు అవి గడ్డపార పట్టుకునే చేతులు.

లేవి నా పెనిమిటి. పెళ్ళైన ఏడాదికే పట్టాళంలో చేరాడు. తుపాకీ పని కాదు, దెబ్బతిన్న వాళ్ళను డోలీ మీద మోసే పని. బర్మా అన్నారు. తర్వాత యుద్ధం అయిపోయిందన్నారు. అయిపోయాక ఇంటికి పంపకుండా ఇంకా దూరం తీసుకుపోయారు, సైగాన్ అనే ఊరికి, అన్నాం అనే దేశానికి. పోయిన వానాకాలంలో ఎర్రగుంట్లలో రైలు దిగి, నల్లరేగడి బురద తొక్కుకుంటూ వచ్చి గడప ముందు నిలబడితే, ఎవరో దారి తప్పిన మనిషి దాహానికి వచ్చాడనుకుని చెంబు తేవడానికి లోపలికి పోయాను. చెంబు తెచ్చి ఇచ్చేటప్పుడు చూశాను, గడ్డం కింద ఆ పుట్టుమచ్చ. అత్త పరుగెత్తుకొచ్చి కొడుకు రెండు బుగ్గలూ పట్టుకుని, "అన్నం దేశానికి పోయినావంటనే, అన్నం దేశానికి పోయి ఇట్లా ఎముకలేసుకోనొచ్చినావేంరా" అని ఏడ్చింది. "అన్నం కాదుమా, అన్నాం" అన్నాడు. అంతే. ఆ రోజు అతను మాట్లాడిన మాటలు అవే. మరుసటి రోజూ అంతే. ఆ నెలా అంతే. చేనికి పోతాడు, వస్తాడు, కూలిన గోడకు నాపరాయి పేర్చుతాడు, సంగటి తింటాడు, వసారాలో మంచం వేసుకుని పడుకుంటాడు. ఆ ఊరు ఎట్లా ఉంటుంది అని నేనడిగితే "ఊరే" అంటాడు. తిట్టడు, విసుక్కోడు. వంటింటి గుమ్మంలో ఎదురుపడితే నా చీర కొంగు కూడా తగలకుండా ఒళ్ళు పక్కకు తిప్పుకుని పోతాడు. ఎంతమంది పరాయి వాళ్ళను ఎత్తి భుజానికి వేసుకున్నాడో, నన్ను తాకడానికి మాత్రం వెనకాడుతున్నాడు. నాకేం కోపం లేదు. కోపం వచ్చేంత దగ్గరగా ఎప్పుడున్నాం?

మూకుడు ఇంకో వేలెడు జరిపాను. ఈసారి ఆవిరి ముఖానికి రాలేదు, గొంతు కిందికి, రొమ్ము మీదికి పాకింది. వీపు చుర్రుమంది. మంట కాదు, నూనె రాసిన చోట వెచ్చదనం గుచ్చుకుంటోంది. క్రిస్మసు అయిపోయి పత్తి ఏరడం మొదలయ్యాక పట్టుకుంది ఈ భుజం. తెల్లవారే చేనిలోకి దిగితే ఆ గాలి, అడ్డం ఏమీ లేని గాలి, గండికోట కొండల మీంచి నేరుగా దిగి రవికె లోపలికి దూరుతుంది. మొదట మెడ పట్టింది, తర్వాత కుడి భుజం బిగుసుకుంది, తర్వాత చెయ్యి రొమ్ము దాటి పైకి లేవనంది. పత్తి ఎడంచేత్తో ఏరాను. సంగటి ఎడంచేత్తో కెలికాను. జడ మాత్రం ఎడంచేత్తో రాలేదు. అత్త వేసేది. మా విశ్వాసమ్మత్త దువ్వెన పడితే పేనుకు బతుకు లేదు, తలకూ బతుకు లేదు. "మేయ్, తల ఆడించొద్దు" అని నెత్తిన ఒక్కటి మొట్టి, అట్లా మొట్టిన చేత్తోనే నూనె అద్ది పాపిట తీసేది. నిన్న పొద్దున లేవి వసారాలో కూర్చుని అది చూశాడు. అత్త లేచి లోపలికి పోయాక దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "గాలి పట్టింది" అన్నాడు. ఏమి గాలి అన్నాను. "చల్లగాలి. ఒంట్లోకి దూరి ఆడనే కూచోనుండాది. గీకితే పోతాది. నాకు తెలుసు." ఇన్ని నెలల్లో నాతో అన్ని మాటలు ఒక్కసారి పలకడం అదే మొదలు. భుజం కోసం కాదు, ఆ మాటల కోసమే సరేనన్నాను.

ఇవాళ అత్త జొన్నచొప్ప తేవడానికి చేనికి పోయాక నడిమింట్లో చాప పరిచాడు. నువ్వుల నూనె వేడి చేసి గిన్నెలో తెచ్చాడు. ఒక ఇత్తడి బిళ్ళ, ఆ దేశపు పాతకాలం నాణెమట, నడుమ చదరంగా బొక్క, అంచు అరిగిపోయి నున్నగా ఉంది. వెనక కూర్చున్నాడు. రవికె విప్పి, కొంగు ముందుకు తీసుకుని, సిగ్గుతో మెడ వంచాను. పెళ్ళైన కొత్తలో ఇంత సిగ్గు పడినట్టు గుర్తు లేదు. ముందు నూనె వేళ్ళు, వాటి వెంట బిళ్ళ. మెడ దగ్గర మొదలుపెట్టి భుజం మీదికి, మళ్ళీ మెడ నుంచి వెన్నుపూస పక్కగా కిందికి, ఒకే దిక్కుగా, ఒకే బరువుగా. "నొప్పి ఉండాదా?" లేదు. మళ్ళీ గీత. "నొప్పి ఉండాదా?" లేదన్నాను గదా. "ఈడ చూడు, ఎట్లా తేలిందో, నల్లగా. ఈడనే ఉండాది." నా వీపు నేనెట్లా చూస్తాను? నవ్వొచ్చింది. నవ్వితే వీపు కదిలింది, బిళ్ళ జారింది, అతనూ కొంచెం నవ్వినట్టు నా మెడ మీద ఊపిరి తగిలింది. అది అయ్యాక కుండ చూసుకోవడానికి పెరట్లో పొయ్యి దగ్గరికి పోయాడు. నేను అట్లాగే కూర్చుని ఉన్నాను, వీపు తలుపు వైపు పెట్టి. అప్పుడే అత్త చొప్పమోపుతో వచ్చింది. అడుగులు గుమ్మంలో ఆగాయి. మోపు నేల మీద పడిన చప్పుడు వినపడి తిరిగి చూసేసరికి ఆమె లేదు. చొప్ప మాత్రం గుమ్మానికి అడ్డంగా పడి ఉంది. దాహానికి పోయిందనుకున్నాను. లేవి కుండ తెచ్చాడు, పెరటి మూల గోడచాటున పీట వేశాడు, చీర మాత్రం చుట్టుకుని నేను కూర్చుంటే కంబళి కప్పాడు.

ఇంకొంచెం మూకుడు. చీకట్లో ఆవిరి కనపడదు గాని వినపడుతుంది, ఆకులు నీళ్ళలో మెల్లగా కదిలే చప్పుడు, కుండ లోపలెక్కడో ఒక బుడగ పగిలిన చప్పుడు. ఆ చప్పుళ్ళ మీదికి మనుషుల గొంతులు వచ్చాయి. ముందు చేతికర్ర రాళ్ళ మీద టక్కుమంది. మా సంఘపెద్ద గాబ్రియేలు తాతకు తప్ప ఆ కర్ర ఎవరికీ లేదు.

"ఏమప్పా లేవీ, ఇట్లా రా. కూచో."

"ఏంది తాతా, ఈ ఎండలో?"

"మీ అమ్మ పిల్చుకోనొచ్చింది."

అత్త గొంతు వినపడింది. పరుగు మీద వచ్చిన ఆయాసం ఇంకా అందులో ఉంది. "నేను కండ్లారా చూసినా అన్నా. మెడకాణ్ణించి నడుం దాకా వాతలు. ఎర్రవి, నల్లవి. గొడ్డును కూడా అట్లా కొట్టరు. నేను చేనికి పోయేదాకా చూసి కొట్టినాడు. అడుగు వాణ్ణి. నా కొడుకని చూడొద్దు, అడుగు."

కంబళి కింద నేను నోరు తెరిచి అట్లాగే ఉండిపోయాను. ఆవిరి నోట్లోకి పోయింది. నవ్వు రావాలి గదా, మొదట నవ్వే వచ్చింది, కడుపులోంచి పైకి తోసుకుని వచ్చింది. లేచి నిలబడి ఇదీ సంగతి అని చెబుదామంటే ఒంటి మీద చుట్టుకున్న చీర తప్ప ఏమీ లేదు, తడిసి అంటుకుపోయింది, బయట పెద్దాయన. అరిచి చెప్పొచ్చు. ఒక్క మాట చాలు. కానీ ఇతను ఏం చెబుతాడో వినాలనిపించింది. ఈ నాలుగైదు నెలలుగా ఇతని నోటి నుంచి ఒక్క పొడుగాటి మాట కోసం నేను పొయ్యి దగ్గరా, చేనిలోనా, దీపం దగ్గరా కాచుకుని ఉన్నాను. ఇప్పుడు సంఘపెద్దే వచ్చి అడుగుతున్నాడు. ఇప్పుడైనా చెప్పక పోతాడా?

"కొట్టినావా?" అన్నాడు గాబ్రియేలు తాత.

కోడి ఒకటి కంబళి అంచు పొడిచి పోయింది.

"లేదు తాతా."

"మరి ఆ వాతలేందప్పా?"

"గాలి తీసినా."

"గాలి తీయడమేంది? దయ్యం తీసినట్లా? ప్రభువును నమ్ముకున్న ఇంట్లో ఆ పనులేందిరా? పట్టాళంలో అవన్నీ నేర్చుకొనొచ్చినావా?"

"దయ్యం కాదు తాతా. ఉత్త గాలి. పొద్దన్నే పత్తిచేన్లో కొడతాదే, ఆ గాలి."

చెప్పు, ఇంకా చెప్పు అని నేను లోపల మోకాళ్ళు గిల్లుకున్నాను. బిళ్ళ గురించి చెప్పు, నూనె గురించి చెప్పు, నొప్పి ఉందా అని గీతగీతకూ అడిగావే, అది చెప్పు. చెప్పడు. ఇక ఆగలేక కంబళి అంచు కొంచెం ఎత్తి అరిచాను. "అత్తా, ఆయన కొట్టలేదు. నేనే గీకమన్నా."

"నువ్వు ఊరకుండు మేయ్" అంది అత్త. కోపంగా కాదు. అలసిపోయినట్టు అంది. "కొట్టించుకున్నోళ్ళంతా చెప్పేది అదే. నేను చెప్పలేదా? అన్నా, నువ్వే గదా అప్పుడూ పెద్ద. నువ్వే గదా వచ్చి అడిగింది. ఏం చెప్పినా నీకు?"

తాత కర్ర నేల మీద రాసుకుంది. "గడప తగిలి పడినా అన్నావు."

"ఇంకోసారి?"

"బాయికాడ జారినా అన్నావు."

"నమ్మినావా?"

"నమ్మినా... నమ్మినట్లు లేచి వచ్చేసినా."

ఆవిరి పలచబడింది. లేదా నాకే కళ్ళ ముందు అంతా పలచబడింది. మా మామ జక్కరయ్యను నేను చూడలేదు. నేను కోడలిగా వచ్చేనాటికి ఆయన పోయి చాలాకాలం. గోడకు ఆయన తలగుడ్డ తగిలించే చెక్కమేకు ఒకటి ఉండేది, ఆ మేకుకు అత్త ఎన్నడూ ఏదీ తగిలించేది కాదు, చేట కూడా. అత్తకు నీళ్ళు పోసేటప్పుడు వీపు రుద్దుతాను గదా, భుజాల కింద చర్మం ఎత్తుగా, వంకరగా చేతికి తగిలేది, చిన్నప్పటి కురుపులు కాబోలు అనుకున్నాను, అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ వీపుతో ఆమె ఇవాళ గుమ్మంలో నిలబడి నా వీపు చూసింది. ఎంతసేపు నిలబడింది? మోపు కింద పడేంతసేపు. నన్ను అడగలేదు, అడిగితే నేనేం చెబుతానో ఆమెకు తెలుసు, అది ఆమె చెప్పిన అబద్ధమే. కొడుకును అడగలేదు. దాహానికి కూడా ఆగలేదు. నొప్పి మోకాళ్ళతో, చెప్పులు లేకుండా, ఎండలో మా ప్రార్థన గుడి వీధి దాకా పోయి, ఎవరి మీద ఫిర్యాదు చేసింది? యుద్ధం నుంచి బతికి రావాలని శుక్రవారం శుక్రవారం పస్తుండి ప్రార్థన చేసిందే, ఆ కొడుకు మీద. ఒక్కడే కొడుకు. నా పక్షాన. నా తల్లి బతికి ఉంటే చేసేదో లేదో. నాకు ఏడుపు వచ్చిందో ఆవిరో తెలియలేదు, ముఖమంతా నీళ్ళే, ఉప్పగా ఉన్నాయి, తుడుచుకోలేదు. గుండెల్లో మాత్రం ఏదో చల్లగా, హాయిగా ఉంది. ఇల్లంటే గోడలనీ కప్పనీ అనుకుంటాం, నా కోసం ఎండలో పరుగెత్తే మనిషి ఒకరు ఈ ఇంట్లో ఇన్నేళ్ళూ నెత్తిన మొట్టుతూ తిరుగుతోందని నాకు తెలియనే తెలియదు.

"నాయన చేసింది నాకు గుర్తుండాది మా" అన్నాడు లేవి. గొంతు కిందినుంచి వచ్చింది, కూర్చున్నట్టున్నాడు, ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నట్టున్నాడు. "నేను చిన్నోన్ని, గాదె వెనకాల దాంకోనుంటి. గుర్తుండాది. నేను ఆయన మాదిరి కాను. నువ్వు నమ్మాల్సిన పని లేదు. ఇదో బిళ్ళ. ఇదో నూనె. నా ఈపు ఇదో. నువ్వే గీకు. కొట్టిన వాతలో, గీకిన వాతలో నీ చేతికే తెలుస్తాది."

చొక్కా విప్పిన చప్పుడు. అత్త ఏం చేస్తోందో నాకు కనపడదు, నాకున్నదల్లా రెండు చెవులు. ఆ తర్వాత సర్రుమని మెల్లగా, చాప మీద చీర జారినంత మెల్లగా. మళ్ళీ సర్రు. ఆమెకు గీకడం రాదు, రెండోసారికి లయ దొరికింది.

"నొప్పా?" అంది అత్త.

"లేదు. ఇంకొంచెం బరువు వెయ్యి."

"అబ్బ, ఎట్లా తేలిందే ఎర్రగా!" అన్నాడు గాబ్రియేలు తాత, దగ్గరికి వంగినట్టున్నాడు. "నిమ్మళంగానే గీకుతాండావు గదా విశ్వాసమ్మా, నేను చూస్తానే ఉండా. వాడు కదల్లేదు గూడా."

సర్రు, సర్రు. చేతికి పని దొరికితే ఆమె ఊపిరి కుదుటపడుతుందని నాకు తెలుసు. ఆపినట్టే ఆపి, "ఈ కాయ ఏందిరా, ఈ భుజం మీద?" అంది.

"డోలీ కట్టె."

"ఈ మచ్చ? గుండ్రంగా కాలినట్లు ఉండాదే?"

"అది బా పెట్టింది." అన్నాడు లేవి. నేను మూకుడు జరపబోయి, ఆ చప్పుడుకు అతను మళ్ళీ ముడుచుకుపోతాడేమోనని చెయ్యి వెనక్కు తీసుకున్నాను. "ఎండిన ఆకు చుట్ట చుట్టి, కొస అంటించి, ఒంటికి తగలకుండా సెగ చూపిస్తాది. కదలొద్దు అని చెప్పింది. ఆ మాట నాకు అర్థం కాలే, కదిలినా. తగిలింది. నా నెత్తిన ఒక్కటి మొట్టింది, మళ్ళా ఆమే ఏడ్చి నూనె పూసింది."

"బా ఎవురు?"

"అవ్వ. వాళ్ళ మాటలో బా అంటే అవ్వ. మేముండే కాడ, గేటు పక్కన చిన్న సందు. ఆ సందు మొగలో గంజి అమ్ముతాండె." అక్కడి నుంచి మాటలు వచ్చాయి. ఒకటొకటిగా, తడబడుతూ, చెరువుకు గండి పడ్డట్టు కాదు, పాత మోటబావిలో బాన కిందికి దిగి ఏదో తగిలి నిండి పైకి వచ్చినట్టు. ఆ ఊర్లో వాన మన వాన కాదట, ఆగదట. తడిసిన గుడ్డలతో మనుషుల్ని మోసి మోసి జ్వరం తగిలిందట. పట్టాళం డాక్టరు చేదు మాత్రలు ఇస్తే జ్వరం దిగిందట. "జ్వరం పోయింది గానీ నేను రాలేదు మా. కాళ్ళల్లో బలం లేదు. కడుపు ఏమీ తీసుకోదు. నిద్రపోతే మోసినోళ్ళంతా కండ్లల్లోకి వస్తారు. గేటుకాడ మెట్టు మీద ఊరికే కూచోనుంటి. ఆమె దినమూ చూస్తాండె. ఒక దినం వచ్చి చెవి పట్టుకోని లేపింది."

చెవి పట్టుకుని. అత్త చిన్నగా నవ్వింది, ముక్కుతో. నాకు ఆ సందు కనపడింది. నేను చూసిందేముంది, ఎర్రగుంట్ల స్టేషను దాటి పోలేదు, అయినా కనపడింది, మా వంక లాంటి సందు, రెండు గట్ల మీదా వావిలి, నడుమ వానలో పొగ చిమ్మే గంజికుండ, దాని వెనక అత్త లాంటి ముసలామె, తలకు గుడ్డ చుట్టుకుని, ఇంత పొడుగు మనిషిని చెవి పట్టుకుని ఈడ్చుకొస్తోంది. చొక్కా విప్పించిందట. ఈ బిళ్ళతోనే గీకిందట. ఇట్లాగే కుండ మీద కూర్చోబెట్టి దుప్పటి కప్పిందట. ఆ తర్వాత అల్లమూ ఉల్లికాడలూ వేసిన వేడి గంజి తాగించిందట. తొందరపడి తాగితే చేతి మీద గరిటె కాడతో కొట్టేదట. పొద్దు గూకినాక స్నానం చేస్తే తిట్టేదట, చెమట మీద చల్లనీళ్ళు తాగితే తిట్టేదట, ఊపిరి రొమ్ములో ఆపేస్తే తిట్టేదట. "కడుపు మీద అరచెయ్యి పెట్టేది. ఆ చెయ్యి పైకి లేచేదాకా ఊపిరి పీల్చాల. అట్లా నేర్పింది. దానికి మాటలు అక్కర్లేదు గదా. శానా దినాలకు నిద్ర పట్టింది నాకు."

తెలియకుండానే నా అరచెయ్యి నా కడుపు మీదికి పోయింది. ఊపిరి పీల్చాను. చెయ్యి లేచింది. ఒదిలాను. వెచ్చగా, తడిగా, వావిలి వాసనతో, మా నల్లరేగడి మీద, ఆ ఊరి ఊపిరి.

"ఆమెకెవురూ లేరా?" అన్నాడు తాత.

"కొడుకుండాడు. యాడుండాడో ఆమెకూ తెలీదు. ఊర్లో గొడవలు. ఎవురు ఎవుర్ని కాలుస్తాండారో మాకే తెలీదు. ఒక దినం బిళ్ళ నా చేతిలో పెట్టి, నీకు నువ్వే గీక్కో చూద్దాం అని సైగ చేసింది. రేపు తిరిగిస్తాం లే అని జేబులో ఏసుకోనొచ్చినా. తెల్లారి పోతే సందు ఖాళీ. ఒక్క మనిషి లేడు. గొడవలకు భయపడి అంతా యాడికో పోయినారు. పొయ్యి రాళ్ళు ఇంకా వెచ్చగానే ఉండె. ఆ రాళ్ళ కాడ కూచోనుంటి మా. మావాళ్ళు వచ్చి లేపినారు."

ఇది గదా ఇన్ని నెలలుగా వసారాలో మంచం మీద ఇతనితో పాటు పడుకుని ఉన్నది. ఊరే, అన్నాడు నేనడిగితే. ఊరే. నాకు అతని మీద జాలి కాదు, ఇంకేదో కలిగింది, బరువు దించుకున్న మనిషి పక్కన నిలబడితే మన భుజమూ తేలికైనట్టు.

"బతికే ఉంటాది లేరా" అంది అత్త. "అట్లా తిట్టేటోళ్ళు అంత బిన్నే చావరు."

"ఆ యమ్మ పేరేంది?" అన్నాడు తాత.

"తెలీదు తాతా. అందరూ బా అనే పిలుస్తారు."

"పేరు లేకపోతే ఏమిలే. ఆయనకు తెలుసు." తాత ప్రార్థన మొదలుపెట్టాడు. గుళ్ళో చేసేంత పొడుగు కాదు. అన్నాం దేశంలో గంజి అమ్మే ఆ అవ్వ ఎక్కడుంటే అక్కడ ఆమెకు పొయ్యీ, బియ్యమూ, కొడుకూ దొరకాలని అడిగాడు. కంబళి కింద కళ్ళు మూసుకున్నాను. మూసినా తెరిచినా ఒకటే చీకటి, అయినా మూసుకున్నాను. ఆమెన్ అని నేననేసరికి బయట ముగ్గురూ అప్పటికే అనేశారు, నాది ఒక్కటే వెనకబడి కంబళిలోంచి వినిపించింది. తాత నవ్వాడు. కర్ర ఊతగా లేచాడు. నాలుగడుగులు పోయి ఆగాడు.

"విశ్వాసమ్మా, ఆ కాలంలో నేను..."

"పో అన్నా. ఎండగా ఉండాది. ఈ పొద్దు పిలిస్తే వచ్చినావు గదా."

కర్ర చప్పుడు దూరమైంది. అత్త అడుగులు నా దగ్గరికి వచ్చాయి. కంబళి మీంచి నా తల మీద అరచెయ్యి పడింది, బరువుగా, నూనె జిడ్డుగా ఉండి ఉంటుంది. మొట్టుతుందనుకున్నాను. మొట్టలేదు. "మేయ్, ఉండావా, ఉడికిపోయినావా?" ఉన్నాను అత్తా అన్నాను. "ఉండు. గంజి కాస్తా. అల్లమంట, ఉల్లికాడలంట, నూకలున్నాయో లేవో చూడాల." ఆ చెయ్యి ఇంకాసేపు అక్కడే ఉండి తర్వాత పోయింది. వంటింట్లో మూకుళ్ళ చప్పుడు మొదలైంది.

కుండ చల్లారింది. మూకుడు ఎప్పుడో పూర్తిగా తీసేశాను, ఆకులు అడుక్కు దిగాయి, ఆవిరి అయిపోయింది. నా ఒళ్ళంతా చెమట, వెన్ను వెంబడి కాలువ, మోకాళ్ళ వెనక మడుగు. కంట్లోకి జారిన వెంట్రుకలు వెనక్కు తోసుకున్నాక గమనించాను, తోసింది కుడిచెయ్యి. చెవి దాకా పోయింది. పాపిట దాకా పోదు, ప్రయత్నించాను, అక్కడ పట్టేసింది. జడ ఇంకా కొన్నాళ్ళు అత్తే వెయ్యాలి. వేస్తే వేయనీ.

లేవి వచ్చి కంబళి పక్కన నేల మీద చతికిలబడ్డాడు. గుడ్డ అంచు మీద అతని నీడ పడి చీకటి ఇంకొంచెం చిక్కబడింది. ఏ పనీ లేకుండా ఇంత దగ్గరగా అతను తనంతట తాను వచ్చి కూర్చోవడం పెళ్ళైన కొత్తలో జరిగిందేమో. నూనె వాసన వస్తోంది. నాకూ అదే వాసన.

"జీవమ్మా, చెమట పట్టిందా?"

ముక్కు కొస నుంచి ఒక బొట్టు కుండలో పడింది.

"ఇంకా లేదు" అన్నాను.

"అట్లైతే ఇంకొంచేపు కూచో."

"కూచుంటా. నువ్వు చెప్తా ఉండు. ఆ సందులో గంజి కాకుండా ఇంకేమేమి అమ్ముతారు?"

అతను ఆలోచించాడు. గడ్డం గోక్కున్న చప్పుడు వినపడింది. తర్వాత, "అరిటాకులో బియ్యం చుట్టి ఉడకేస్తారు" అని మొదలుపెట్టాడు. నేను మోకాళ్ళ చుట్టూ రెండు చేతులూ చుట్టుకుని, చల్లారిన కుండ మీదికి వంగి, వింటూ కూర్చున్నాను.